రోమన్ ఈజిప్టులో చర్చి, సర్కారు: ఎవరు ఎవరిని దారికి తెచ్చుకున్నారు?

2025తో నికేయాలో క్రైస్తవ బిషప్పుల సభ జరిగి 1700 ఏళ్ళు నిండాయి. మన దగ్గర చాలా చర్చిల్లో తెలుగులో చెప్పుకునే విశ్వాస ప్రమాణానికి మూలం ఆ సభే. ఆ సందర్భంగా యూట్యూబులో, వాట్సాప్ గ్రూపుల్లో పాత వాదనలన్నీ మళ్ళీ పైకొచ్చాయి. ఒకరు, రోమన్లు మూడు వందల ఏళ్ళపాటు క్రైస్తవులను ఆపకుండా సింహాలకు వేశారంటారు. ఇంకొకరు, కాన్‌స్టాంటైన్ చక్రవర్తి 325లో నికేయాలో ఒక్క సంతకంతో క్రైస్తవాన్ని ప్రభుత్వ మతం చేసేశాడంటారు. రెండూ సరికావు. హింస జరిగింది కానీ విడతలు విడతలుగా, మధ్యలో దశాబ్దాల ప్రశాంతత ఉండగా జరిగింది. ఇక నికేయా సభ సిద్ధాంత తగాదా తేల్చడానికి పిలిచింది, ప్రభుత్వ మతాన్ని ప్రకటించడానికి కాదు. ఆ పని జరిగింది 380లో, థియోడోసియస్ చక్రవర్తి కాలంలో. ఏది సరైన విశ్వాసం అనడానికి ఆయన తన శాసనంలో కొలబద్దగా చూపించింది ఇద్దరు బిషప్పులను. ఒకరు రోమ్ బిషప్పు డమాసస్, రెండోవారు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా బిషప్పు పీటర్.

ఈ రెండో పేరే మనల్ని అసలు విషయంలోకి తీసుకెళ్తుంది. చర్చికీ రోమన్ ప్రభుత్వానికీ మధ్య ఏం జరిగిందో ఊరి స్థాయిలో, ఆఫీసు స్థాయిలో చూడగలిగే చోటు ఒకటుందంటే అది ఈజిప్టే.

ఈజిప్టు దగ్గర ఉన్నవి రెండు: గోధుమలు, కాగితాలు

క్రీ.పూ. 30లో క్లియోపాత్రా చనిపోయాక ఈజిప్టు రోమ్ చేతికి వచ్చింది. నైలు వరద మీద పండే గోధుమ ఓడల్లో రోమ్‌కి వెళ్ళేది. 330లో కాన్‌స్టాంటినోపుల్ కొత్త రాజధాని అయ్యాక అక్కడికి మళ్ళింది. రాజధానిలో రొట్టె దొరక్కపోతే చక్రవర్తికి టెన్షన్ మొదలైనట్టే. అందుకే మొదటి చక్రవర్తి అగస్టస్ ఈజిప్టును సెనేటర్ల చేతిలో పెట్టలేదు. తన మనిషిగా ఒక గవర్నరును పంపాడు. ఆ పదవి పేరు ప్రిఫెక్ట్. సెనేటర్లు అనుమతి లేకుండా ఆ దేశంలో అడుగుపెట్టడానికే వీల్లేదు.

ప్రిఫెక్ట్ అలెగ్జాండ్రియాలో ఉంటాడు. ఆయన కింద జిల్లాలు, జిల్లా కేంద్రాల్లో కౌన్సిళ్ళు, ఊళ్ళలో గ్రామాధికారులు. పన్ను వసూలు, ధాన్యం రవాణా, కాలువల మరమ్మతు, కాపలా లాంటి పనుల్లో చాలావాటికి జీతాలుండవు. ఆస్తి ఉన్నవాళ్ళ మీద వంతులవారీగా పడతాయి. మన పాత వెట్టి లాంటిదే, కాకపోతే పెద్ద కొలువులు డబ్బున్నవాళ్ళ నెత్తిన పడేవి. వసూలు తక్కువైతే ఆ తేడా సొంత జేబులోంచి కట్టాలి. ఈ నిర్బంధ కొలువుల సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత చాలా అవసరం పడుతుంది.

ఇక కాగితాలు. పాపిరస్ అనే నీటి రెల్లు నుంచి చేసిన కాగితం మీద అన్నీ రాసేవారు: అర్జీ, రసీదు, అద్దె ఒప్పందం, ఇంటికి ఉత్తరం. వేరే దేశాల్లో అవి తేమకు కుళ్ళిపోయాయి. ఈజిప్టులో మాత్రం పొడి ఇసుక కింద చెత్తకుప్పల్లో నిలిచాయి. కైరోకి దక్షిణాన ఉన్న ఆక్సిరింకస్ అనే పట్టణపు చెత్తదిబ్బల్ని 1896 చివర్లో ఇద్దరు ఇంగ్లండు పండితులు, గ్రెన్‌ఫెల్, హంట్, తవ్వడం మొదలుపెట్టారు. అక్కడ బయటపడిన ముక్కల్ని ఇప్పటికీ సంపుటాలుగా అచ్చువేస్తూనే ఉన్నారు. చర్చి చరిత్రకారులు రాసిన వీరగాథలు ఒక పక్క, ఈ గుమాస్తా కాగితాలు ఇంకో పక్క. రెండూ పక్కపక్కన పెట్టి చదివితేనే కథ తేటపడుతుంది.

250: "నేను బలి ఇచ్చాను" అని ఒక సర్టిఫికెట్

212లో కరకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని స్వతంత్రులు దాదాపు అందరికీ రోమన్ పౌరసత్వం ఇచ్చేశాడు. కొత్త పౌరుల్లో చాలామంది ఆయన ఇంటిపేరు ఆరేలియస్ పెట్టుకున్నారు. అందుకే ఈజిప్టు కాగితాల్లో ఎక్కడ చూసినా ఆరేలియస్‌లే కనిపిస్తారు. పౌరులందరూ ఒకటే అయ్యాక, అందరూ ఒకే రకంగా దేవతలకు మొక్కాలన్న ఆలోచన రావడానికి ఎంతో కాలం పట్టలేదు.

249 చివర్లో డీసియస్ చక్రవర్తి ఒక ఆజ్ఞ ఇచ్చాడు. అందరూ దేవతలకు బలి ఇవ్వాలి, ధారపోయాలి, ప్రసాదం తినాలి. క్రైస్తవుల పేరు ఎత్తినట్టు కూడా ఆధారం లేదు. ఈజిప్టులో ఈ ఆజ్ఞ అమలైన తీరు చూస్తే పన్నుల శాఖ గుర్తొస్తుంది. ప్రతి ఊళ్ళో బలుల పర్యవేక్షక సంఘం ఒకటి ఏర్పడింది. మనిషి వచ్చి, వాళ్ళ ఎదుట బలి ఇచ్చి, ఒక అర్జీ పెట్టుకోవాలి. అందులో రాసేది ఇంచుమించు ఒకటే: నేను ఎప్పుడూ దేవతలకు బలి ఇస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట కూడా ఇచ్చాను, ధృవీకరించమని ప్రార్థన. కింద అధికారులు "చూశాం" అని సంతకం పెడతారు. 250 జూన్, జూలై నెలల నాటివి ఇలాంటివి నలభైకి పైగా దొరికాయి. ఎక్కువ భాగం ఫయ్యూమ్ ప్రాంతంలోని థియడెల్ఫియా అనే ఊరివి.

వీటిని చాలాకాలం "విశ్వాసం వదులుకున్న క్రైస్తవుల పత్రాలు" అనుకున్నారు. అయితే ఒక పత్రం ఆరేలియా అమ్మోనూస్ అనే ఆవిడది. ఆవిడ పెటెసూకోస్ అనే మొసలి దేవుడి గుళ్ళో పూజారిణి! దేవుడి పూజారిణే నేను దేవుణ్ణి కొలుస్తానని సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సి వచ్చిందంటే, ఆ సర్వే అందరిదీ. క్రైస్తవులు మాత్రం అందులో ఇరుక్కుపోయారు. డీసియస్ అసలు ఉద్దేశం క్రైస్తవుల్ని పట్టడమేనా, లేక సామ్రాజ్యం కష్టాల్లో ఉంది కాబట్టి సామూహిక మొక్కు తీర్చుకోవడమా అన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. పత్రాలు రెండో వాదనకు కాస్త ఎక్కువ బలం ఇస్తాయనిపిస్తుంది. అయినా దెబ్బ తిన్నవాడికి ఉద్దేశంతో పనేముంది?

దీని పక్కనే ఇంకో చిన్న ముక్క పెట్టి చూడాలి. 256 ఫిబ్రవరి 28న ఆక్సిరింకస్ కౌన్సిల్ అధ్యక్షుడు మెర్మెర్థా ఊరి గ్రామాధికారులకు రెండు మూడు లైన్ల హుకుం పంపాడు: హోరస్ కొడుకు పెటోసోరాపిస్, క్రైస్తవుడు, వెంటనే అతన్ని పంపండి, లేదా మీరే రండి. డీసియస్ చనిపోయి అప్పటికి ఐదేళ్ళు. తర్వాతి హింస వాలేరియన్ కాలంలో మొదలవడానికి ఇంకా ఏడాది పైనే ఉంది. ఏ నేరానికి పిలిచారో అందులో లేదు. పైగా ఆ క్రైస్తవుడి పేరులోనే సోరాపిస్, అంటే సెరాపిస్ దేవుడు ఉన్నాడు. ఇక్కడ "క్రైస్తవుడు" అన్నది నేరమా, లేక కుమ్మరి, చాకలి అన్నట్టు మనిషిని గుర్తుపట్టడానికి రాసిన మాటా? రెండోదే అయితే, సర్కారు దృష్టిలో అప్పటికే అది ఊళ్ళో అందరికీ తెలిసిన గుర్తింపు అయిపోయిందన్నమాట.

304: ఊరి చర్చిలో జప్తు

284లో చక్రవర్తి అయిన డయోక్లీషియన్ పేరు చెప్పగానే క్రైస్తవులకు హింస గుర్తొస్తుంది. పరిపాలన చదివేవాళ్ళకు సంస్కరణలు గుర్తొస్తాయి. ఈజిప్టులో రెండూ ఒకే యంత్రాంగం చేతి మీదుగా నడిచాయి. ఆయన భూమిని మళ్ళీ కొలిపించాడు, పన్నును మళ్ళీ లెక్కగట్టించాడు. 297లో ప్రిఫెక్ట్ అరిస్టియస్ ఆప్టాటస్ ఇచ్చిన ఉత్తర్వు ఆ కాగితాల్లోనే దొరికింది. దక్షిణాన థెబాయిడ్‌ను వేరే రాష్ట్రం చేశారు. పట్టణాల్లో లోజిస్టెస్ అనే ఆర్థిక అధికారిని పెట్టారు. ఈ మార్పుల నుంచే 15 ఏళ్ళకోసారి తిరిగే ఇండిక్షన్ అనే పన్నుల చక్రం పుట్టింది. దాన్ని 312 నుంచి లెక్కపెడతారు.

303లో చర్చిల్ని కూల్చమని, గ్రంథాల్ని తగలబెట్టమని, ఆస్తుల్ని స్వాధీనం చేసుకోమని ఆజ్ఞ వచ్చింది. అమలు చేసింది ఈ కొత్త అధికారులే. 304 ఫిబ్రవరి 5 నాటి ఒక ప్రమాణపత్రం చూడండి. ఖైసిస్ అనే ఊళ్ళో "ఒకప్పటి చర్చి"లో లేఖనాలు చదివే ఉద్యోగి ఆరేలియస్ అమ్మోనియస్ పట్టణాధికారులకు ఇచ్చుకున్నది. ఆ చర్చికి బంగారం లేదు, వెండి లేదు, డబ్బు లేదు, బట్టలు లేవు, పశువులు లేవు, బానిసలు లేరు, భూములు లేవు; ఉన్నదల్లా కొంత కంచు సామాను, అది లోజిస్టెస్‌కి అప్పగించేశాం, అలెగ్జాండ్రియాకు పంపడానికి. ఇది నిజమని చక్రవర్తుల మీద ప్రమాణం. ఈ వరస చూస్తే అధికారుల దగ్గర ఒక ప్రింటెడ్ ఫారం లాంటిది ఉందనీ, ఒక్కో కాలమ్‌కీ "లేదు" అని నింపారనీ అనిపిస్తుంది. పుస్తకాల ఊసే లేదు!

అసలు తమాషా చివర్లో ఉంది. "అతనికి అక్షరాలు రావు కాబట్టి అతని తరఫున నేను సంతకం చేశాను" అని ఇంకో ఆరేలియస్, సొంత పేరు సెరెనస్, రాశాడు. చర్చిలో చదివే ఉద్యోగికి చదువు రాదట. దీనికి పండితులు చెప్పే కారణాలు ఒకటి కాదు. అతనికి కాప్టిక్, అంటే స్థానిక ఈజిప్టు భాష, వచ్చి గ్రీకు రాకపోయి ఉండొచ్చు. లేఖనాలు కంఠతా వచ్చి అక్షరాలు రాకపోయి ఉండొచ్చు. లేక దేవుడి ఆస్తి అప్పగిస్తూ ప్రమాణం చేసే కాగితం మీద తన చేత్తో సంతకం పెట్టడం ఇష్టంలేక "నాకు రాదు" అని తప్పించుకుని ఉండొచ్చు. నాకు మూడోది నచ్చుతుంది. నచ్చినంత మాత్రాన అదే నిజమని చెప్పలేను.

తప్పించుకునే దారులు వెతికినవాళ్ళు వేరే చోటా కనిపిస్తారు. ఇదే కాలపు ఉత్తరం ఒకటి, కోప్రెస్ అనే ఆయన భార్య సరాపియాస్‌కి రాసింది. భూమి కేసు మీద ఊరు దాటి వెళ్ళాడు. అక్కడికి వెళ్ళాక తెలిసింది, కోర్టులో హాజరయ్యే వాళ్ళచేత బలి ఇప్పిస్తున్నారని. ఏం చేశాడు? తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చాడు. ఆ తమ్ముడు క్రైస్తవుడు కాకపోయి ఉండొచ్చు. ఉత్తరంలో కోప్రెస్ గొంతులో కంగారు లేదు, వీరావేశం లేదు. ఆ వెంటనే కేసు సంగతులు.

అందరికీ ఇలా జరగలేదు. తూముయిస్ బిషప్పు ఫిలియాస్‌ని 306 ప్రాంతంలో ప్రిఫెక్ట్ కుల్కియానస్ విచారించాడు. ఆ విచారణ వృత్తాంతం పాపిరస్ ప్రతుల్లో మిగిలింది. నువ్వు పొట్టకూటికోసం మొండికేసే పల్లెటూరివాడివైతే నేను ఊరుకునేవాణ్ణి కాను, ఇంత ఆస్తి ఉన్నవాడివి, ఆలోచించుకో అని ప్రిఫెక్టే బతిమాలతాడు. లాయర్లు, లోజిస్టెస్ కూడా అడ్డుపడతారు. ఫిలియాస్ ఒప్పుకోలేదు, తల తీయించారు. డబ్బున్నవాడికి ఒక మర్యాద, పేదవాడికి ఒక మర్యాద అన్నది హింసలో కూడా మారలేదని గమనించాలి. ఈ రోజులు ఈజిప్టు క్రైస్తవుల మనసులో ఎంత లోతుగా దిగాయంటే, కాప్టిక్ చర్చి ఇప్పటికీ డయోక్లీషియన్ పాలన మొదలైన 284 నుంచే సంవత్సరాలు లెక్కపెడుతుంది. దాన్ని హతసాక్షుల శకం అంటారు. 2025 సెప్టెంబరులో వాళ్ళకు 1742 మొదలైంది.

రాయితీ ఇస్తే భారం ఎవరి మీద పడుతుంది

311, 313ల్లో వచ్చిన ఉత్తర్వులతో హింస ఆగింది. 324లో కాన్‌స్టాంటైన్ తూర్పును ఏలుతున్న సహ చక్రవర్తి లిసినియస్‌ని ఓడించి ఈజిప్టుతో సహా తూర్పు భాగాన్నంతా తీసుకున్నాడు. ఆయన చర్చికి ఇచ్చిన వరాల్లో పెద్దది డబ్బు కాదు, మినహాయింపు. పాదిరులు, వాళ్ళకు సహాయకులైన డీకన్లు నిర్బంధ కొలువులు చేయనక్కర్లేదు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఊరికే లెక్కకోసం ఒక పట్టణం అనుకుందాం: 100 మంది కౌన్సిలర్లు, ఏటా 20 కొలువులు. ఒక్కొక్కరికి ఐదేళ్ళకోసారి వంతు వస్తుంది. వాళ్ళలో 20 మంది పాదిరులైపోతే? మిగిలిన 80 మందికి నాలుగేళ్ళకోసారి వస్తుంది. భారం పెరిగిన కొద్దీ ఇంకొందరు చర్చి వైపు చూస్తారు. అప్పుడు మిగిలినవాళ్ళకు ఇంకా బరువు. పన్ను మాత్రం తగ్గదు.

ప్రభుత్వానికి ఈ సంగతి త్వరగానే అర్థమైంది. వరం ఇచ్చిన కాన్‌స్టాంటైనే కౌన్సిలర్ల కుటుంబాలవాళ్ళు, ఆస్తిపరులు పాదిరులు కాకూడదని, ఖాళీ అయిన చోట పేదవాళ్ళనే తీసుకోవాలని చట్టం చేశాడు. వాలెన్స్ చక్రవర్తి 370ల తొలినాళ్ళలో ఒకడుగు ముందుకేశాడు. కౌన్సిల్ బాధ్యతలు ఎగ్గొట్టి సన్యాసులతో కలిసిపోయిన సోమరుల్ని ఈజిప్టు ఏకాంతాల్లోంచి లాక్కొచ్చి పనిలో పెట్టండి, రాకపోతే ఆస్తి మీద హక్కు పోతుంది అన్నాడు.

అయితే సన్యాసులందరూ పన్ను ఎగవేతదారులేనా? ఈ చట్టాన్ని బట్టి పాత చరిత్రకారులు కొందరు అలాగే అనుకున్నారు. మఠాలు భూములు కొనడం, ఆ భూములకు పన్ను కట్టడం, సన్యాసులు సొంత ఆస్తులు అమ్మడం, అద్దెకివ్వడం కాగితాల్లో దొరకడంతో ఆ అభిప్రాయం బలహీనపడింది. ప్రపంచాన్ని వదిలేశామన్నవాళ్ళు కూడా పన్నుల రిజిస్టరును వదల్లేకపోయారు.

ఒక ఆవు, ఒక పారిపోయిన సైనికుడు

324 జూన్ 6. కరానిస్ ఊరి రైతు ఇసిడోరస్ అర్జీ పెట్టుకున్నాడు. పమూనిస్, హర్పాలస్ అనేవాళ్ళ ఆవు తన పొలంలో పడి పైరంతా మేసేసింది. పట్టుకుని ఊళ్ళోకి తోలుకొస్తుంటే వాళ్ళు పెద్ద దుడ్డుకర్రతో ఎదురొచ్చి, కిందపడేసి, చితకబాది, ఆవును లాక్కుపోయారు. అటుగా వచ్చిన డీకన్ ఆంటోనినస్, సన్యాసి ఐజాక్ అడ్డుపడకపోతే చంపేసేవారే అంటాడు. లోకంలో "మొనాకోస్", అంటే సన్యాసి, అనే మాట క్రైస్తవ అర్థంలో తేదీతో దొరికిన మొదటి కాగితం ఇదే. ఒక మహర్షి జీవితచరిత్ర కాదు, ఆవు తగాదా మీద పోలీసు రిపోర్టు!

తేదీ చూడండి. అప్పటికింకా ఈజిప్టు లిసినియస్ చేతిలోనే ఉంది. కాన్‌స్టాంటైన్ రావడానికి నెలలు పడుతుంది. అయినా ఒక రైతు ప్రభుత్వాధికారికి సాక్షులుగా ఒక డీకన్‌ని, ఒక సన్యాసిని చూపిస్తున్నాడు, అదేదో మామూలు విషయమన్నట్టు. ఊళ్ళో వాళ్ళ మాటకు విలువ ఉందని అతనికి తెలుసు. క్రైస్తవ చక్రవర్తి ఏలుబడి రాక ముందే ఊరు వాళ్ళకు చోటిచ్చేసింది.

ఇరవై ఏళ్ళ తర్వాత ఆ విలువ ఎంత పెరిగిందో ఇంకో ఉత్తరం చెప్తుంది. 340ల్లో ఫయ్యూమ్‌లోని డయోనీసియాస్ కోటలో ఫ్లావియస్ అబిన్నేయస్ అనే దళపతి ఉండేవాడు. ఆయన కాగితాల కట్టంతా దొరికింది. హెర్మోపోలిస్ అనే పల్లె పాదిరి కాఓర్ ఆయనకు రాశాడు: పారిపోయిన సైనికుడు పౌలుని ఈ ఒక్కసారికి క్షమించండి, నేనే వద్దామంటే ఇప్పుడు తీరిక లేదు, మళ్ళీ ఇలాగే చేస్తే అప్పుడు మీ చేతికే చిక్కుతాడు లెండి. సైన్యంలోంచి పారిపోవడం తీవ్రమైన నేరం. దానికి ఒక పల్లెటూరి పాదిరి ఎంత తేలిగ్గా సిఫారసు చేస్తున్నాడో! చర్చి అధికారం అంటే మనకు బిషప్పుల సభలు గుర్తొస్తాయి కానీ, నేలమీద అది ఇలాంటి సిఫారసు ఉత్తరాలతోనే పెరిగింది.

ఇంతకీ ఈజిప్టు జనంలో సగం మంది ఎప్పటికి క్రైస్తవులయ్యారు? పాపిరస్ పండితుడు రోజర్ బ్యాగ్నాల్ 1982లో ఒక పద్ధతి చెప్పాడు: పన్నుల జాబితాల్లో తండ్రుల పేర్లు, కొడుకుల పేర్లు పోల్చడం. తండ్రి పేరు హోరస్, కొడుకు పేరు జాన్ అయితే ఆ ఇంట్లో ఏదో మారిందని అర్థం. ఆ లెక్కన 4వ శతాబ్ది తొలి భాగంలోనే క్రైస్తవులు సగం దాటారన్నాడు. పోలండ్ పండితురాలు ఎవా విప్షిట్స్కా ఒప్పుకోలేదు. పేర్లు చాదస్తంగా నిలబడతాయి, పైగా ఏ పేరు క్రైస్తవ పేరో తేల్చడమే కష్టం, మార్పు ఇంత త్వరగా జరగలేదు అందామె. పెటోసోరాపిస్ అనే క్రైస్తవుణ్ణి ఇందాకే చూశాం కాబట్టి ఆమె అనుమానం అర్థమవుతుంది. ఎంత త్వరగా అన్నదే తగాదా. 4వ శతాబ్ది ముగిసేసరికి మెజారిటీ క్రైస్తవులదే అన్నదాని మీద పెద్దగా గొడవ లేదు.

అథనాసియస్‌ని ముంచింది సిద్ధాంతమా, గోధుమా

328లో అలెగ్జాండ్రియా బిషప్పు అయిన అథనాసియస్ నికేయా సిద్ధాంతానికి పెద్ద అండ. కుమారుడైన క్రీస్తు తండ్రితో సమానుడు కాదన్న అరియస్ వాదాన్ని జీవితాంతం ఎదిరించాడు. 45 ఏళ్ళ పదవీకాలంలో నలుగురు చక్రవర్తులు కలిసి అయిదుసార్లు ఆయన్ను వెళ్ళగొట్టారు. అన్నీ కలిపితే 17 ఏళ్ళ పైమాటే.

ఇది వట్టి సిద్ధాంత తగాదా అయితే, ఆయన మీద మోపిన నేరాల్లో పరిపాలనకు సంబంధించినవి ఇన్ని ఎందుకున్నాయి? ఈజిప్టు ప్రజల మీద నార చొక్కాల పన్ను వేశాడన్నది ఒకటి. విధవరాళ్ళకు పంచమని చక్రవర్తి ఇచ్చిన ధాన్యాన్ని అమ్ముకున్నాడన్నది ఇంకొకటి. 335లో అసలు దెబ్బ తగిలింది. అలెగ్జాండ్రియా నుంచి కాన్‌స్టాంటినోపుల్‌కి వెళ్ళే గోధుమల్ని ఆపేస్తానని బెదిరించాడని ప్రత్యర్థులు కాన్‌స్టాంటైన్ చెవిన వేశారు. ఒక పేదవాణ్ణి, మామూలు మనిషిని, నాకంత శక్తి ఎక్కడిది అన్నాడు అథనాసియస్. నికోమీడియా బిషప్పు యూసేబియస్ లేచి, ఇతను ధనికుడు, బలవంతుడు, ఏమైనా చేయగలడు అని ప్రమాణం చేసి చెప్పాడు. చక్రవర్తి ఇంక వినలేదు. పడమటి కొసన ఉన్న ట్రియర్‌కి పంపేశాడు. ఈ వృత్తాంతం మనకు చెప్పింది అథనాసియస్ వర్గమే. నేరం అబద్ధమే కావచ్చు, కానీ చక్రవర్తి దాన్ని నమ్మదగిన సంగతిగా తీసుకున్నాడు. రేవు కూలీల్లో, ఓడల వాళ్ళలో బిషప్పుకి పలుకుబడి ఉందని రాజధానికి అప్పటికే భయం.

ఆయన్ను ఎలా చూడాలన్న దాని మీద అభిప్రాయాలు చీలిపోయాయి. చర్చి సంప్రదాయానికి ఆయన ఒంటరిగా నిలబడ్డ వీరుడు. కానీ 335లోనే ఆయన వ్యతిరేక వర్గం మెలీషియన్లు రాసుకున్న ఉత్తరం ఒకటి పాపిరస్‌గా దొరికి 1924లో అచ్చయింది. అథనాసియస్ మనుషులు సైనికుల్ని తోడు తెచ్చుకుని తమవాళ్ళను కొట్టారని, బిషప్పుల్ని నిర్బంధించారని అందులో ఉంది. అది బాధితుల మాట. అంతమాత్రాన అబద్ధమని తోసేయలేం, పూర్తి నిజమని పుచ్చుకోనూ లేం. 356 ఫిబ్రవరిలో అదే సైన్యం, సేనాపతి సిరియానస్ వెంట, రాత్రివేళ చర్చిలో జొరబడి అథనాసియస్ మీదికే వచ్చింది. లాఠీ ఒకటే, పట్టుకున్న చెయ్యే మారుతుండేది.

415: హైపేషియా హత్య వెనుక అధికార పరిధి

తత్వవేత్త, గణితవేత్త హైపేషియాను 415లో క్రైస్తవ గుంపు ఒకటి చంపింది. ఇప్పుడు దీన్ని మతానికీ విజ్ఞానానికీ యుద్ధంగా చెప్తుంటారు. ఆ కాలానికి దగ్గరగా ఉన్న చర్చి చరిత్రకారుడు సోక్రటీస్ (పాత గ్రీకు తత్వవేత్త కాదు, వేరే ఆయన) రాసింది చదివితే వేరేలా కనిపిస్తుంది. ప్రిఫెక్ట్ ఒరెస్టీస్‌కి బిషప్పు సిరిల్ మీద మంట. ఎందుకంటే చక్రవర్తి నియమించిన అధికారుల పరిధిలోకి బిషప్పులు చొరబడుతున్నారు. నైట్రియా ఎడారి నుంచి వచ్చిన సన్యాసులు ఒరెస్టీస్‌ని నడివీధిలో చుట్టుముట్టి విగ్రహారాధకుడా అని తిట్టారు. నేను బాప్తిస్మం తీసుకున్న క్రైస్తవుణ్ణి మొర్రో అని ఆయన అరిచాడు. ఒక రాయి వచ్చి తలకు తగిలింది. రాయి వేసిన సన్యాసి చిత్రహింసల్లో చనిపోయాడు. తర్వాత ఒరెస్టీస్‌కి బిషప్పుతో రాజీ కుదరకుండా అడ్డుపడుతున్నది హైపేషియానే అని పుకారు లేచింది. అది ఆవిడ ప్రాణం తీసింది.

సిరిల్ పాత్ర ఎంత? సోక్రటీస్ ఆయన ఆజ్ఞాపించాడని అనడు, ఈ పని సిరిల్‌కీ అలెగ్జాండ్రియా చర్చికీ తలవంపులు తెచ్చిందంటాడు. 7వ శతాబ్దపు ఈజిప్టు బిషప్పు, నికియు జాన్, ఆవిడ మంత్రగత్తె అని రాసి ఆ హత్యను సమర్థిస్తాడు. ప్రభుత్వం ఏమనుకుందో తెలుసుకోవడానికి మాత్రం ఒక చట్టం ఉంది. చర్చి తరఫున రోగులకు సేవచేసే పారాబలానీ అనే దళం అలెగ్జాండ్రియాలో ఉండేది. 416లో చక్రవర్తి ఉత్తర్వు: వాళ్ళు 500 మించకూడదు, ఎంపిక ప్రిఫెక్ట్ చూసుకోవాలి, కోర్టుల్లో కౌన్సిల్లో ఆటల్లో కనిపించకూడదు. ఏడాదిన్నర తిరక్కుండానే, 418లో, సంఖ్య 600, ఎంపిక మళ్ళీ బిషప్పుకే. ఈ మధ్యలో ఎవరు నెగ్గారో ఈ రెండు అంకెలే చెప్తున్నాయి.

451 తర్వాత రెండు చర్చిలు, ఒకటే ఖజానా

451లో చాల్సెడాన్‌లో జరిగిన బిషప్పుల సభ క్రీస్తులో దైవ, మానవ స్వభావాలు రెండూ ఉన్నాయని తీర్మానించి, అలెగ్జాండ్రియా బిషప్పు డయోస్కోరస్‌ని దించేసింది. ఈజిప్టులో ఎక్కువమంది ఒప్పుకోలేదు. ప్రభుత్వం ప్రొటెరియస్‌ని కూర్చోబెట్టింది. నగరం తిరగబడితే చక్రవర్తి మార్షియన్ 2,000 మంది సైనికుల్ని దింపి, ఉచిత ధాన్యం, స్నానశాలలు, ఆటలు ఆపించాడు. 457లో మార్షియన్ చనిపోయాడని తెలియగానే గుంపు ప్రొటెరియస్‌ని చంపేసింది. అక్కడి నుంచి రెండు వర్గాలు, తర్వాత రెండు పేట్రియార్కుల, అంటే పెద్ద బిషప్పుల, వరసలు. సభను ఒప్పుకోని వరసే నేటి కాప్టిక్ చర్చి.

ఇది ఈజిప్టు జాతీయవాదమా? గ్రీకు మాట్లాడే పాలకుల మీద కాప్టిక్ జనం తిరుగుబాటు అని చాలాకాలం రాశారు. ఎ.ఎచ్.ఎం. జోన్స్ 1959లో దీన్ని గట్టిగా ప్రశ్నించాడు. చాల్సెడాన్‌ని వ్యతిరేకించిన పెద్దలు గ్రీకులోనే రాశారు, రోమన్ చక్రవర్తి తమ మతానికి మారాలని కోరుకున్నారే తప్ప సామ్రాజ్యం పోవాలని కాదు. ఈ వాదన ఇప్పుడు ఎక్కువగా చెల్లుతోంది, 6వ శతాబ్ది చివరికొచ్చేసరికి కాప్టిక్ గుర్తింపు గట్టిపడిందన్న సవరణతో.

మతం చీలినా పన్ను చీలలేదు. 539 ప్రాంతంలో జస్టీనియన్ చక్రవర్తి ఇచ్చిన పదమూడో ఎడిక్టు, అంటే శాసనం, ఈజిప్టును మళ్ళీ విడగొట్టి, గవర్నర్లకు సైనిక, పౌర అధికారాలు కలిపి ఇచ్చింది. దాని ఆరాటమంతా ధాన్యం మీదే. ఏటా పంపాల్సిన కోటా 80 లక్షలు. కొలత అర్తబా అని సాధారణంగా తీసుకుంటారు. అర్తబా అంటే సుమారు 30 కిలోల గోధుమ, అంటే దాదాపు 2.4 లక్షల టన్నులు. ఆ రవాణా ఆలస్యమైతే అధికారులకు జరిమానా.

ఊళ్ళో ఇది ఎలా ఉండేదో అఫ్రొడిటో గ్రామం చూపిస్తుంది. అక్కడి డయోస్కోరస్ (పైన చెప్పిన బిషప్పు కాదు, వేరే ఆయన) లాయరు, భూస్వామి, కవి. వాళ్ళ నాన్న అపొల్లోస్ ఊరిపెద్దగా చేసి, సన్యాసి అయ్యి, ఒక మఠం కట్టాడు. పన్ను తామే వసూలు చేసి నేరుగా కట్టుకునే హక్కు ఆ ఊరికి ఉంది. జిల్లా పన్నుల అధికారి, అంటే పగార్క్, దాన్ని కాజేయాలని చూశాడు. 551లో డయోస్కోరస్ కాన్‌స్టాంటినోపుల్ దాకా వెళ్ళి అర్జీ పెట్టాడు. గవర్నర్ల దయకోసం గ్రీకులో స్తుతి పద్యాలు కూడా రాశాడు. తండ్రి కట్టిన మఠానికి ఆయనే సంరక్షకుడు. ఆ ఇంట్లో చర్చి ఎక్కడ ఆగుతుందో సర్కారు ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం కష్టం.

ఒకే మనిషి చేతిలో రెండు పదవులు

631లో హెరాక్లియస్ చక్రవర్తి సైరస్ అనే బిషప్పుని అలెగ్జాండ్రియా పేట్రియార్కుగా పంపి, పౌర పరిపాలన కూడా అప్పగించాడు. సిరిల్, ఒరెస్టీస్ కొట్టుకున్న రెండు కుర్చీలూ ఇప్పుడు ఒకడివే. ఆయన కాప్టుల మీద బలప్రయోగం చేశాడని వాళ్ళ సంప్రదాయం చెప్తుంది. కాప్టిక్ పేట్రియార్కు బెంజమిన్ ఏళ్ళ తరబడి అజ్ఞాతంలో ఉన్నాడు. 641 నవంబరులో అరబ్ సేనాని అమ్ర్‌తో లొంగుబాటు ఒప్పందం చేసుకున్నదీ ఆ సైరసే. మరుసటి ఏడాది రోమన్ సైన్యం ఓడలెక్కి వెళ్ళిపోయింది.

ఆఫీసు మాత్రం మూతపడలేదు. 643 ఏప్రిల్ 25 నాటి రసీదు ఒకటి వియన్నాలో ఉంది. హెరాక్లియోపోలిస్ పగార్కులు క్రిస్టోఫొరస్, థియొడొరాకియోస్‌ల నుంచి సైన్యానికి 65 గొర్రెలు ముట్టాయని అరబ్ అధికారి అబ్దుల్లా ఇచ్చాడు. పైన గ్రీకు, కింద అరబ్బీ. తేదీతో దొరికిన అరబ్బీ పాపిరస్‌లలో ఇదే అతి పాతది. అరబ్బీలో హిజ్రీ 22, గ్రీకులో పాత రోమన్ ఇండిక్షన్ లెక్క. గ్రీకు భాగం రాసిన గుమాస్తా తన పేరు, హోదా కింద పెట్టుకున్నాడు: జాన్, నోటరీ, డీకన్.